మందుకు లొంగని క్రిములు – పట్టు రైతు తెలుసుకోవలసిన సంగతులు

(చెన్నై టి. నగర్‌లో సరిహద్దు గ్రామాల పట్టు రైతులతో జరిపిన ముఖాముఖిలో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, బాగలూరు, బేరికె, తళి, డెంకణికోట వైపు నుంచి కొందరు, కుప్పం, వి.కోట వైపు నుంచి కొందరు వచ్చారు. పొద్దున మీలో చాలామంది పానగల్ పార్కు చుట్టూ ఉన్న పట్టుచీరల అంగళ్ళు తిరిగి చూశారు. మీ షెడ్డులో పండిన పురుగు అల్లిన గూడే దారమై, కంచిలో నేత పడి, చివరకు ఇక్కడ గాజు బీరువాలోకి చేరుతుంది. చీర మీద రాసిన వెల చూసి "మా గూటికి కిలోకు వచ్చేదెంత, ఇదెంత?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆ లెక్క తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. నేను చెప్పదలచింది ఇంకొక లెక్క.

నాలుగో జ్వరం లేచిన పురుగు బాగా మేస్తూ మేస్తూ ఉన్నట్టుండి మేత మానేస్తుంది. ఒళ్ళు మెత్తబడుతుంది, నోటి నుంచి రసం కారుతుంది, రెట్ట పలచబడుతుంది, చచ్చాక నల్లబడి కంపు కొడుతుంది. ఇది ఫ్లాచరీ. గూడు కట్టే నాలుగు రోజుల ముందు ఇది వస్తే రైతుకు కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పటికే ఆకు ఖర్చు, కూలి ఖర్చు అన్నీ పెట్టేసి ఉంటాడు. అటువంటి గాభరాలో మందుల షాపుకు పోయి, మనుషులకు ఇచ్చే యాంటీబయాటిక్ క్యాప్సూళ్ళు పది తెచ్చి, విప్పి, బకెట్టు నీళ్ళలో కలిపి ఆకు మీద చల్లుతారు. పక్క ఊరి రైతు చల్లాడని మనమూ చల్లుతాం. కొన్నిసార్లు పురుగు తేరుకుంటుంది. మరుసటి పంటకు మళ్ళీ చల్లుతారు. మూడో పంటకో నాలుగో పంటకో "ఈ మందు పనిచేయడం లేదు, ఇంకా గట్టిది ఇవ్వండి" అని షాపువాణ్ణి అడుగుతారు.

మందు పాతబడిందా? షాపువాడు నకిలీది ఇచ్చాడా? అదీ ఉండవచ్చు. కానీ మందు మంచిదే అయినా ఈ మాట వస్తుంది. ఎందుకు వస్తుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదట మీకు బాగా తెలిసిన విషయం నుంచి పోదాం. వంద గుడ్ల చాకీ అంటే సుమారు 40,000 పురుగులు. అన్నీ ఒకేలా ఉంటాయా? ఉండవు. కొన్ని ముందే పండుతాయి, కొన్ని వెనకబడతాయి. ఎండ ముదిరితే కొన్ని వాడిపోతాయి, కొన్ని తట్టుకుంటాయి. నాటు మైసూరు జాతి మన ఎండకు, మన ఆకుకు ఓర్చుకుంటుంది గాని గూడు చిన్నది, దారం తక్కువ. బైవోల్టిన్ గూడు పెద్దది గాని పురుగు సున్నితం. ఈ తేడాలన్నీ పుట్టుకతో వచ్చినవి, తల్లి చిలుక నుంచి పిల్లకు పోయేవి. గుడ్ల తయారీ కేంద్రంవాళ్ళు ఏం చేస్తారు? పురుగుకు కొత్త గుణం నేర్పరు. ఉన్నవాటిలో మంచి గూళ్ళు ఏరి, వాటినే విత్తనానికి ఉంచి, మిగిలినవి తీసేస్తారు. కొన్ని తరాలు అలా ఏరితే జాతి నిలబడుతుంది.

సూక్ష్మక్రిముల్లోనూ ఇదే జరుగుతుంది. ఒక బాక్టీరియాకు తిండి, వేడి, తడి సరిపోతే సుమారు 20 నిమిషాలకు రెండవుతుంది. పదిగంటల్లో, ఆపేవాళ్ళు లేకపోతే, ఒకటి నూరు కోట్లు దాటుతుంది. రెండయ్యే ప్రతిసారీ అది తన వంశలక్షణాల పట్టీకి నకలు తీయాలి. మన కడుపులో ఉండే ఈ.కోలై అనే క్రిమిలో ఆ పట్టీ సుమారు 46 లక్షల అక్షరాల పొడవు. పాత రోజుల్లో కరణంగారు అడంగల్ నకలు తీసేటప్పుడు ఎక్కడో ఒక సర్వే నంబరు తారుమారు అయ్యేది గదా. క్రిమి ఆ కరణంగారి కన్నా ఎన్నో రెట్లు జాగ్రత్తపరురాలు, కొన్ని వందల నకళ్ళకు ఒక తప్పు మాత్రమే పడుతుంది. కానీ నకళ్ళు కోట్లలో ఉంటే తప్పులు లక్షల్లో ఉంటాయి. చాలా తప్పులు దేనికీ పనికిరావు, కొన్ని క్రిమినే చంపుతాయి. ఎక్కడో ఒకటి మాత్రం మందు వచ్చి పట్టుకునే చోటును కాస్త మార్చేస్తుంది. మందు తాళంచెవి లాంటిది. తాళం మారితే చెవి తిరగదు.

ఇక్కడ ఒక ప్రశ్న. మందు తగిలినందువల్ల క్రిమి మారిందా, లేక మందు రాకముందే మారి ఉన్నదా? చదువుకున్న వాళ్ళు కూడా చాలామంది మొదటిదే అనుకుంటారు. "క్రిమి మందుకు అలవాటు పడింది" అంటారు. సారాయికి మనిషి అలవాటు పడ్డట్టు. అది సరికాదు. 1943లో అమెరికాలో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్క కట్టి, అలవాటు కాదని చూపారు. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు, జాషువా, ఎస్తర్, దాన్ని కంటికి కనబడేలా చేశారు. ఈ రెండో ప్రయోగం ఈ టి. నగర్‌లో చెప్పడానికి తగినది, ఎందుకంటే అది గుడ్డతో చేసిన ప్రయోగం.

ఒక గాజు పళ్ళెంలో మేత పోసి క్రిములను పెంచారు. అవి చిన్న చిన్న చుక్కల్లా గుంపులు కట్టాయి. గుండ్రటి దిమ్మకు మఖమల్ గుడ్డ తొడిగి ఆ పళ్ళెం మీద మెల్లగా అద్దారు. మఖమల్ మీద నిలబడి ఉండే నూగుకు ప్రతి గుంపు నుంచి కొన్ని క్రిములు అంటుకున్నాయి. అదే గుడ్డను, అచ్చు వేసినట్టు, మందు కలిపిన ఇంకో పళ్ళెం మీద అద్దారు. మందు పళ్ళెంలో ఒకటి రెండు చోట్ల మాత్రమే గుంపులు మొలిచాయి. ఇప్పుడు మళ్ళీ మొదటి పళ్ళెం దగ్గరికి వచ్చి, సరిగ్గా అదే స్థానంలో ఉన్న క్రిములను తీసి చూశారు. వాటికి మందు వాసన కూడా తగలలేదు. అయినా వాటిలో మందుకు లొంగనివి ఉన్నాయి. అంటే మందు రాకముందే అవి అక్కడ ఉన్నాయి. మందు వాటిని పుట్టించలేదు, పక్కనున్న లొంగేవాటిని చంపి, వీటికి చోటూ మేతా ఖాళీ చేసి ఇచ్చింది.

మీరు ఆకు మీద క్యాప్సూల్ చల్లినప్పుడు మీ షెడ్డులో జరిగేది ఇదే. గుడ్ల కేంద్రంలో మంచి గూళ్ళు ఏరినట్టు, మీరు మొండి క్రిములను ఏరి విత్తనానికి ఉంచుతున్నారు. నాలుగు పంటలు అలా ఏరితే మొండి జాతి నిలబడుతుంది. దీనికి ప్రభుత్వ సబ్సిడీ అక్కరలేదు.

ఈ సంగతి మన మద్రాసులో మనుషుల విషయంలో ఎలా తేలిందో చెబుతాను. క్షయవ్యాధికి మొట్టమొదటి మంచి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలో కనుగొన్నారు. ఇంగ్లండులో 1947 ప్రాంతంలో రోగులకు ఒక్క ఆ మందే ఇచ్చి చూశారు. మొదటి నెలల్లో దగ్గు తగ్గింది, బరువు పెరిగింది. తరువాత చాలామందికి జబ్బు తిరగబెట్టింది. పరీక్షిస్తే వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఉన్నవి స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని క్రిములు.

ఎందుకని? జబ్బు ముదిరిన ఊపిరితిత్తిలో ఒక్క గుంటలోనే పది కోట్ల క్షయ క్రిములు ఉండవచ్చు. ఐసోనియాజిడ్ అనే మందుకు పుట్టుకతోనే లొంగని క్రిమి సుమారు పది లక్షలకు ఒకటి ఉంటుందనుకోండి. అంటే ఆ గుంటలో మందు మింగకముందే నూరు మొండి క్రిములు కూర్చుని ఉన్నాయి. ఒక్క మందు ఇస్తే ఆ నూరు మిగిలి, మళ్ళీ కోట్లు అవుతాయి. రెండు మందులు కలిపి ఇస్తే? మొదటిదానికి లొంగనిది రెండోదానికీ లొంగకుండా ఉండడానికి పది లక్షలను పది లక్షలతో గుణించాలి. అన్ని క్రిములు ఒక మనిషి గుంటలో పట్టవు. క్షయకు రెండు మూడు నాలుగు మందులు కలిపి ఇవ్వడం వెనక ఉన్నది ఈ చిన్న గుణకారమే.

1956లో మద్రాసులో చెట్‌పట్ వద్ద క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నలుగురూ కలిసి పెట్టిన సంస్థ అది. 2011 నుంచి దాని పేరు జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఆ రోజుల్లో క్షయ వస్తే శానటోరియంలో నెలల తరబడి మంచం, పాలు, గుడ్లు, విశ్రాంతి అన్నారు. మంచాలు తక్కువ, రోగులు లక్షలు. పేదవాళ్ళు ఇరుకు గదుల్లో ఉండేవాళ్ళు. 193 మంది రోగులను రెండు భాగాలు చేసి, సగం మందిని శానటోరియంలో, సగం మందిని వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంచి, ఇద్దరికీ రెండు మందులు కలిపి సంవత్సరం పాటు ఇచ్చారు. 1959లో ఫలితం ప్రచురించారు. ఇంట్లో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఆ ఫలితం ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని మార్చింది. డబ్బున్నవాడి జబ్బు, లేనివాడి జబ్బు అన్న భేదాన్ని కొంతైనా తగ్గించిన పని అది, మన ఊరి నుంచి వచ్చింది.

అయితే ఇంట్లో ఉన్న రోగి మందు మింగుతున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? కాస్త బాగయ్యేసరికి "నాకు తగ్గిపోయింది" అని మాత్రలు అటక మీద పెడతాడు. అందుకని ఆ కేంద్రంవాళ్ళు చెప్పాపెట్టకుండా ఇళ్ళకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసేవారు. తరువాత, ఎదురుగా నిలబెట్టి మింగించే పద్ధతిని కూడా ఇక్కడే పరీక్షించారు. ఇదంతా అనుమానంతో చేసినది కాదు. సగంలో మానితే చచ్చేవి మెత్తని క్రిములు, మిగిలేవి మొండివి. ఆ మొండివి అతని పిల్లలకు దగ్గులో అంటుకుంటాయి. పిల్లలు ఒక్క మాత్రా మింగకపోయినా వాళ్ళ క్షయ మందుకు లొంగదు. నేడు మన దేశంలో మందులకు లొంగని క్షయ పెద్ద సమస్యగా ఉన్నది.

ఇంతవరకు చెప్పినది తల్లి నుంచి పిల్లకు పోయే గుణం. పట్టుపురుగులోనూ, మనిషిలోనూ గుణం పోయే దారి అదొక్కటే. బాక్టీరియాకు ఇంకొక దారి ఉన్నది. దీన్ని కాస్త నిదానంగా వినండి.

అసలు పట్టీ కాక, బాక్టీరియాలో చిన్న చిన్న ఉంగరాల లాంటి విడి పట్టీలు ఉంటాయి. ప్లాస్మిడ్ అంటారు. ఒక క్రిమి పక్కనున్న క్రిమికి సన్నని గొట్టం చాచి ఆ ఉంగరానికి నకలు తీసి ఇవ్వగలదు. ఇద్దరూ ఒకే జాతి కానక్కరలేదు. పట్టుపురుగుకు ఈ ఉంగరాలతో పాత వైరం ఉన్నది. 1901లో జపానులో ఇషివాటా అనే శాస్త్రజ్ఞుడు, పట్టుపురుగులు గంటల్లో కుప్పకూలి చచ్చిపోయే ఒక జబ్బుకు కారణమైన క్రిమిని కనిపెట్టాడు. తరువాత జర్మనీలో బెర్లినర్ అదే జాతి క్రిమికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టాడు. మీరు బి.టి. పత్తి అని వింటున్న బి.టి. అదే. పురుగు పేగును చీల్చే ఆ విషాన్ని తయారుచేసే సూచన సాధారణంగా ప్లాస్మిడ్ ఉంగరం మీదే ఉంటుంది. (మధ్యలో ఒక మాట: మీ మల్బరీ తోట పక్కన కోసు, టమాటా వేసినవాళ్ళు బి.టి. మందు పిచికారీ చేస్తే, గాలికి ఆకు మీద పడినది మీ పురుగును చంపుతుంది. వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఆ ఆకు వాడకండి.)

మందుకు లొంగని గుణం కూడా ఇలాంటి ఉంగరాల మీద ఎక్కి తిరుగుతుందని తెలిసింది కూడా జపానులోనే, 1950ల చివర. రక్త విరేచనాల రోగుల్లో నాలుగు మందులకు ఒక్కసారే లొంగని క్రిములు కనబడ్డాయి. ఒక్కొక్క మందుకు ఒక్కొక్క తప్పు విడివిడిగా పడి ఉంటే ఇంత తొందరగా నాలుగూ కుదరవు. నాలుగు గుణాలూ ఒకే మూటగా కట్టి, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేతులు మారుతున్నాయని అక్కడి శాస్త్రజ్ఞులు చూపారు.

దీపావళి ముందు ఇక్కడి రంగనాథన్ వీధిలోకి వెళ్ళి చూడండి. భుజం భుజం రాసుకోకుండా ఒక్క అడుగు పడదు. ఆ రద్దీలో ఒకరి జేబులోది ఇంకొకరి జేబులోకి పోవడం ఎంత సులభమో పోలీసువారు మైకులో చెబుతూనే ఉంటారు. క్రిములకు అటువంటి వీధి ఏది? మన పేగు, పశువు పేగు, పేడకుప్ప, మురుగుకాలువ, మీ షెడ్డులో తడిసి కుళ్ళిన ఆకూ రెట్టా కలిసిన పడక. టి. నగర్ ఒకప్పుడు చెరువు. 1920లలో ఆ చెరువును పూడ్చి ఈ పేట వేశారు. ఈ పేట మధ్యగా పోయే మాంబళం కాలువ అడయారు నదిలో కలుస్తుంది. ఆసుపత్రి నీళ్ళు, ఇంటి నీళ్ళు, అంగడి నీళ్ళు వేటికవి ప్రత్యేకంగా పోతాయని మనం అనుకుంటాం. క్రిములు అలా అనుకోవు.

2010 ఆగస్టులో ఇంగ్లండు నుంచి వెలువడే లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో ఒక వ్యాసం వచ్చి గొడవ రేపింది. అందులో మొదటి రచయిత మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారస్వామి. ఎన్.డి.ఎం.-1 అనే గుణం గురించిన వ్యాసం అది. ఆసుపత్రిలో అన్ని మందులూ విఫలమైనప్పుడు ఆఖరుగా ఇచ్చే కార్బాపెనెమ్ జాతి మందులను ముక్కలు చేసే గుణం ఇది. ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో 2008లో దీన్ని మొదట పట్టుకున్నారు. 2010 వ్యాసంలో చెన్నైలో 44, హర్యానాలో 26, ఇంగ్లండు రాజ్యంలో 37, భారత్ పాకిస్తాన్‌లలో ఇతర చోట్ల 73 నమూనాల్లో ఇది ఉన్నదని రాశారు. చాలావాటిలో ఈ గుణం ప్లాస్మిడ్ ఉంగరం మీదే ఉన్నది. పేరులో మన రాజధాని పేరు పెట్టడం మీద ఢిల్లీలో పెద్ద వివాదం నడిచింది. పేరు గురించి కోపం రావడం సహజమే. కాని కోపం పేరు దగ్గరే ఆగిపోతే లాభం లేదు. మరుసటి ఏడు ఢిల్లీలో వీధి నీళ్ళు, కుళాయి నీళ్ళు పరీక్షించారు. నిలవ ఉన్న వీధి నీళ్ళ 171 నమూనాల్లో 51లో, కుళాయి నీళ్ళ 50 నమూనాల్లో 2లో ఆ గుణం దొరికింది. ఆసుపత్రి గోడ దాటి వచ్చేసిందన్నమాట.

2012లో ఇదే చెన్నైలో దేశంలోని వైద్య సంఘాల వారు కూడి, యాంటీబయాటిక్‌ల వాడకానికి కట్టుబాట్లు ఉండాలని తీర్మానించారు. చెన్నై ప్రకటన అని దానికి పేరు. 2014 మార్చి 1 నుంచి ఎన్నో ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను హెచ్-1 పట్టికలో చేర్చారు. డాక్టరు చీటీ లేనిదే వాటిని అమ్మకూడదు, అమ్మితే పుస్తకంలో రాసుకోవాలి. మీరు చీటీ లేకుండా పురుగులకని అడిగి తెచ్చేది ఈ పట్టికలోదే కావచ్చు.

మన తెలుగు నేల సంగతీ చెప్పాలి. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వదిలే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. ఆ వాగులో క్రిములకు రాత్రింబవళ్ళు ఏరివేత జరుగుతున్నదని వేరే చెప్పాలా?

మేతలో మందు కలిపే అలవాటు ఎక్కడిదో కూడా చూడండి. మన భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే కంపెనీ పరిశోధనలకు అధిపతిగా ఉండగా, ఆ సంస్థలో డగ్గర్ అనే ఆయన మట్టిలో పెరిగే ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది బయటకు వచ్చింది, సుబ్బారావుగారు ఆ ఏడే కన్నుమూశారు. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు. 1950 నాటికి అదే కంపెనీలో, ఈ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే తొందరగా బరువెక్కుతాయని గమనించారు. అప్పటి నుంచి జబ్బు లేని జీవాలకూ చిటికెడు చిటికెడు యాంటీబయాటిక్ మేపడం లోకమంతా పాకింది. చిటికెడు మందు చంపదు, ఏరుతుంది. 2019లో మన ప్రభుత్వం కోళ్ళ, పశువుల మేతలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. అది మనుషులకు ఆఖరు మందుల్లో ఒకటి కాబట్టి.

"సరే, మా పురుగు చస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. దానికి మొదటి జవాబు, మీ పురుగుకు వచ్చే జబ్బుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ అసలు పనిచేయదు. పాల రోగం వైరస్ వల్ల వస్తుంది. సున్నపుకట్టు రోగం బూజు వల్ల వస్తుంది. పెబ్రిన్ తల్లి చిలుక నుంచి గుడ్డులోకి దిగే పరాన్నజీవి వల్ల వస్తుంది. బాక్టీరియాను చంపే క్యాప్సూల్‌కు వీటితో సంబంధం లేదు. ఫ్లాచరీలో కూడా కొన్ని రకాలు వైరస్‌వే. బి.టి. విషం తిన్న పురుగుకు మందు ఇచ్చేసరికి పేగు చీలిపోయి ఉంటుంది. మిగిలింది బాక్టీరియా ఫ్లాచరీ ఒక్కటి. అందులో కూడా క్రిమి చాలాసార్లు రెండో దొంగ. మొదటి దొంగ ఎండ, ఉక్కపోత, తడి ఆకు, ముదురాకు, ఇరుకు పడక. పురుగు నీరసపడితేనే పేగులో క్రిమి చెలరేగుతుంది. క్యాప్సూల్ చల్లాక పురుగు తేరుకున్నదని మీరనుకున్న రోజే వానపడి షెడ్డు చల్లబడి ఉండవచ్చు, గుర్తు తెచ్చుకోండి.

పాశ్చర్ అనే మహానుభావుడు 1865 నుంచి అయిదేళ్ళు దక్షిణ ఫ్రాన్సులో పట్టుపురుగుల జబ్బుల మీదే పనిచేశాడు. పెబ్రిన్ వేరు, ఫ్లాచరీ వేరు అని తేల్చాడు. అప్పటికి యాంటీబయాటిక్ అన్నదే లేదు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మచ్చ ఉంటే ఆ గుడ్లు తగలబెట్టే పద్ధతి ఆయన పెట్టినదే. నేటికీ మన గుడ్ల కేంద్రాలు చేస్తున్నది అదే. రోగం లేని గుడ్లు, శుభ్రమైన షెడ్డు, మంచి ఆకు – ఆయన చెప్పిన మందు ఇదొక్కటే.

రెండో జవాబు: క్రిమినాశకం వేరు, యాంటీబయాటిక్ వేరు. బ్లీచింగ్ పౌడరు, సున్నం తాళంచెవి లాంటివి కావు, గడ్డపార లాంటివి. క్రిమి గోడ, లోపలి సరుకు అన్నీ ఒక్కసారి పగలగొడతాయి. ఒక్క తాళం మార్చుకుని తప్పించుకోవడం క్రిమికి సులభం కాదు. అందుకే షెడ్డుకు, తట్టలకు, చంద్రికలకు గడ్డపార వాడండి. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల సున్నం కలిపి పంటకు ముందు, పంట అయ్యాక గోడలూ నేలా సామాను తడిసేలా కొట్టాలి. పౌడరు కొత్తదై ఉండాలి. మూట విప్పి నెలలు ఉంచినదానిలో క్లోరిన్ గాలిలో కలిసిపోయి ఉంటుంది. పిండిలాంటి ఆ తెల్లటి పొడి చల్లి షెడ్డు శుద్ధి చేశామనుకుంటే నష్టపోతారు. ముక్కు మండకపోతే కొనకండి. కలిపిన రోజే వాడండి.

పడక మీద చల్లడానికి విజేత వంటి పొడులు పరిశోధన కేంద్రాలవారు సిఫారసు చేసినవి ఉన్నాయి, పురుగు జ్వరం లేచిన తరువాత, మేత వేయడానికి అరగంట ముందు చల్లాలి. పెద్ద పురుగులకు వేడి 24 నుంచి 26 డిగ్రీలు, తేమ 70 శాతం ప్రాంతం. ఎండాకాలంలో ఇది కష్టమని తెలుసు. పైకప్పు మీద కొబ్బరి మట్టలు, కిటికీలకు తడి గోనెలు, రాత్రిపూట గాలి. తడిసిన ఆకు వేయకండి. పురుగు పెరిగేకొద్దీ చోటు పెంచండి. షెడ్డు కట్టినంత చోటుకు సరిపడా గుడ్లే తీసుకోండి. "ఒక యాభై గుడ్లు ఎక్కువైతే ఏమవుతుందిలే" అనుకునే చోటే ఫ్లాచరీ మొదలవుతుంది.

జబ్బు పురుగును చేత్తో పారేయకండి. పుల్లతో ఏరి, సున్నం, బ్లీచింగ్ కలిపిన డబ్బాలో వేసి, తరువాత గుంట తీసి పూడ్చండి. ఆ చెయ్యి కడగకుండా ఆకు ముట్టకండి. కోళ్ళకు వేయకండి. పంటలో మిగిలిన ఆకు మేకకు, రెట్ట పేడకుప్పకు పోవడం మన పద్ధతి. అది మంచి పద్ధతే. ఆకు మీద క్యాప్సూల్ చల్లిన పంటలో మాత్రం ఆ మందు మేకలోకి, ఎరువులోకి, అక్కడి నుంచి బావిలోకి పోతుంది. రంగనాథన్ వీధి మీ దొడ్లోనే ఉన్నదన్నమాట. ఆ దొడ్లోనే మీ మనవడు ఆడుకుంటాడు. వాడికి రేపు జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు రాసేది మీరు ఆకు మీద చల్లిన మందునే, లేదా దాని అన్నదమ్ములనే.

వాడికి జలుబు చేస్తే కూడా ఒక మాట. జలుబుకు, మామూలు దగ్గుకు కారణం ఎక్కువగా వైరస్సే. దానికి యాంటీబయాటిక్ అడగకండి. డాక్టరు రాసిస్తే ఆయన చెప్పినన్ని రోజులు, చెప్పిన మోతాదులో వాడండి. మిగిలిన మాత్రలు పక్కింటివాళ్ళకు ఇవ్వకండి, పురుగులకూ వేయకండి.

కొత్త మందులు రావా అని అడగవచ్చు. వస్తాయి, నిదానంగా. వాటి వెతుకులాటలో మీ పురుగుకూ పాత్ర ఉన్నది. 2002లో టోక్యో విశ్వవిద్యాలయంవారు మనుషులకు చీము పట్టించే క్రిమిని పట్టుపురుగుకు ఎక్కించి, యాంటీబయాటిక్ ఇస్తే పురుగు బతుకుతుందని చూపారు. ఎలుకల బదులు పట్టుపురుగుల మీద మందులు పరీక్షించడం అలా మొదలైంది. ఆ దారిలోనే మట్టి క్రిమి నుంచి లైసోసిన్ అనే కొత్త పదార్థాన్ని పట్టుకుని 2014లో ప్రకటించారు. పరీక్షలో నెగ్గిన పదార్థం మందుగా అంగడికి రావడానికి మాత్రం ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. మొండి క్రిమికి 20 నిమిషాలు చాలు.

ఇక జబ్బు ఏదో తెలియనప్పుడు చేయవలసిన పని. పడక మీద వేర్వేరు చోట్ల నుంచి పది పురుగులు, కొన్ని చచ్చినవి, కొన్ని మేత మానినవి, చిల్లులు పెట్టిన వేరు వేరు డబ్బాల్లో వేయండి. చచ్చినవాటిని బతికినవాటితో కలపవద్దు. ఏ గుడ్లు, ఎప్పుడు చాకీ తెచ్చారు, ఎన్నో జ్వరం, ఆకు ఏ తోటది, పక్క పొలంలో ఏ మందు కొట్టారు – ఒక చీటీ మీద రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు. ఎండ ఎక్కకముందే, అదే రోజు, మీకు దగ్గరి పట్టు సేవా కేంద్రానికి తీసుకురండి. పాల రోగమా, పెబ్రిన్ మచ్చ ఉన్నదా అన్నది సూక్ష్మదర్శినిలో చూసి అక్కడికక్కడే చెప్పవచ్చు.

ఆ చీటీ మీద, క్యాప్సూల్ ఇప్పటికే చల్లి ఉంటే, దాని పేరు కూడా రాయండి. కోప్పడరు.